చెరువూ పాలకొల్లూ ఒకే వైపు

తుఫానుకి సెల్ టవర్లు పడిపోతే ఊళ్ల మధ్య కబుర్లు చేరవేసే హామ్ రేడియో బృందంలో మా పెదనాన్న జగపతిరాజుగారు మొదటినుంచీ ఉన్నారు. రొయ్యల చెరువు తర్వాత ఆయనకున్న లోకం అదే. ఈ ఏడు ఆ చోటు పోయేలా ఉంది. వచ్చే ఆదివారం పొద్దున్నే జరిగే పరీక్షలో పాలకొల్లు నుంచి బృందం పెద్ద శ్యాంబాబు రేడియోలో చెప్పేది విని తిరిగి చెప్పలేకపోతే, మా ఊరి పని ఇంకెవరికో ఇచ్చేస్తారు. పోయినసారి పెదనాన్నకి వినబడింది గరగర ఒక్కటే.

ఆ గరగర పక్క చెరువు బుల్లియ్య నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్ మోటార్లదేనని ఆయన తేల్చేశారు.

"నీ ఏరియేటర్లు బాగుచేయించవయ్యా! నా రేడియో నిండా దోమల రొదే!"

"మావి నీళ్లలో తిరుగుతాయండి, మీ రేడియోలో కాదు."

ఆ మాట పడక, రుజువు చూపిద్దామని లూప్ యాంటెన్నా మొదలుపెట్టారు. రెండు సరుగుడు కర్రలు అడ్డంగా కట్టి, చుట్టూ రాగితీగ చుట్టి, పాత రేడియోలోంచి పీకిన, స్టేషన్లు మార్చే కండెన్సరు బిగించారు. ఈ చట్రం అంచు వైపు నుంచి వచ్చేది బాగా వింటుంది. ముఖం వైపు చెవుడు. తిప్పుతూ పోతే, రొద ఆగినచోట దాని ముఖం దొంగను చూపిస్తుంది.

ట్యూనింగ్ మాత్రం ఏడిపించింది. నాబ్ మీద చెయ్యి ఉన్నంతసేపూ సరిగ్గా ఉండేది, చెయ్యి తీస్తే జారిపోయేది.

"మీ చెయ్యి వదలనంటోంది, ఏలుకోండి," అంది పెద్దమ్మ.

చివరికి నాబ్‌కి పీవీసీ గొట్టం ముక్క తొడిగి దూరం నుంచి తిప్పారు. గొట్టం ఊడింది, తీగ తెగింది. మళ్లీ కట్టారు.

శనివారం చట్రం తిప్పుతుంటే ఒకచోట రొద ఆగింది. చట్రం ముఖం దక్షిణాన బుల్లియ్య చెరువు వైపు లేదు. తూర్పున మా చెరువు వైపే ఉంది. కరెంటు కలిసొస్తుందని ఊళ్లో అందరికంటే ముందు ఆయనే పెట్టించిన కొత్త మోటారు ప్యానెల్‌దే ఆ రొద!

పోనీ, రొదైనా పోయింది కదా అంటే, శ్యాంబాబు గొంతూ పోయింది. పాలకొల్లు కూడా తూర్పే. అంచు అటు తిప్పితే ఆయనతోపాటు గరగరా తిరిగొచ్చింది.

"కాసేపు ఏరియేటర్లు ఆపెయ్యండి," అంది పెద్దమ్మ.

"పొద్దున్నపూట ఆపితే గాలందక రొయ్యలన్నీ తేలిపోతాయే! పంట పోద్ది."

చట్రాన్ని తన్నబోయి ఆగారు. బుల్లియ్య గట్టు తూర్పు చివర నిలబెడితే మా చెరువు ఉత్తరానికి వస్తుంది, పాలకొల్లు తూర్పునే ఉంటుంది; ముఖం రొదకీ, అంచు శ్యాంబాబుకీ తిప్పుకోవచ్చు. అదొక్కటే దారి. సాయంత్రం దాకా వరండాలో పచార్లు చేసి, అప్పుడు వెళ్లారు.

"రేపు పొద్దున్న నీ గట్టు మీద కాస్త చోటు కావాలి బుల్లియ్యా."

"దేనికండి?"

"మా మోటార్ల రొద తప్పించుకోడానికి."

"ఆయ్! అయితే ఆ దోమలు తవరివేనన్నమాట! రండి రాజుగారూ, కుర్చీ కూడా ఏస్తాను."

ఆదివారం శ్యాంబాబు చెప్పిందంతా స్పష్టంగా వినబడింది. పెదనాన్న ఒక్క మాట పొల్లుపోకుండా తిరిగి చెప్పారు.

"బాగుందండి రాజుగారూ, మీ చోటు మీదే. ఇంతకీ స్టేషన్ ఎక్కడ పెట్టారో చెప్పండి, రాసుకోవాలి."

బుల్లియ్య చేతులు కట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాడు. పెదనాన్న మైకు నొక్కి, గొంతు తగ్గించి, "బుల్లియ్య గట్టు," అన్నారు.

"మరోసారి చెప్పండి?"

"బుల్లియ్య గట్టయ్యా!"