పేరుకు కొక్కెం లేదన్న మేడం

షంషాద్ మేడం కన్నుమూశారన్న వార్త ఆత్మకూరు బస్టాండులో చెవినపడింది. చేతిలో టీ చల్లారిపోయింది. ఉదయగిరి హైస్కూలులో మాకు సైన్సు బోధించిన ఆ విదుషీమణి ఇక లేరంటే మనసు ఒప్పుకోలేదు. కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగానే నవ్వూ వచ్చింది. ఆమెను తలుచుకుంటే నవ్వు ఆగదు మరి!

జ్ఞాపకశక్తి పాఠం నాడు మేడం పుస్తకమే తెరవలేదు. ఉప్పు, సబ్బు, చింతపండు, చీపురు, కొబ్బరినూనె, మిరపకాయలు అంటూ గడగడా వల్లించి, "ఇప్పుడు చెప్పండ్రా!" అన్నారు. తెల్లమొహాలు వేశాం. తరువాత వంటకు కావలసినవి ఒకపక్క, తక్కినవి ఒకపక్క చేర్చి మళ్ళీ చెప్పారు. ఈసారి తరగతి యావత్తూ ఏకకంఠంతో అప్పజెప్పింది. "చూసినారా? బుర్రలో చోటు లేక కాదురా, సర్దుకోవడం రాక. సర్దినోడికే దొరుకుతాది" అన్నారు.

విస్మృతి గురించి ఆమె సిద్ధాంతం మరీ విచిత్రం. "ముందు పోయేది పేర్లే. పేరుకి కొక్కెం ఉండదు, దేనికి తగిలిస్తావు? సంగతికైతే వాసన, రుచి, నవ్వు, బోలెడు కొక్కేలు. ఏదో ఒకదాన్ని పట్టుకోని వేలాడతాది." ఆ పాఠం తన మీదికే వస్తుందని పాపం ఆమెకేం తెలుసు!

వార్ధక్యంలో మతిమరుపు కమ్మిందని, ఎవరినీ ఆనవాలు పట్టడం లేదని ఆమె పోవడానికి కొన్నాళ్ళ ముందు విన్నాను. నా బాల్యాన్ని ఎరిగిన పెద్దల్లో మిగిలింది ఆమె ఒక్కరే. ఆమె కూడా మరిచిపోతే ఎట్లా? భయపడుతూనే, ఆత్మకూరులో చెల్లెలు నూర్జహాన్ గారింట్లో ఉంటున్న ఆమెను చూడడానికి వెళ్ళాను. గడపలో నన్ను చూడగానే మేడం ముఖం విచ్చుకుంది. "ఏరా, ఇంకా జేబులో శెనక్కాయలు పోసుకోని వస్తుండావా? బెంచీ కింద ఆ పొట్టంతా ఎవురు ఊడవాల?" అన్నారు. గాల్లో తేలుతూ ఇల్లు చేరాను. లోకాన్నంతా మరిచినా నన్ను మరవలేదని కనిపించిన వాళ్ళకల్లా చెప్పుకున్నాను.

సంతాపసభలో ఆ గర్వం కాస్తా ఎగిరిపోయింది. సీతారామపురం నుంచి వచ్చిన సహాధ్యాయి రమణయ్య మైకు అందుకుని, "నన్నొక్కణ్ణే గుర్తుపట్టినారబ్బా! శెనక్కాయల సంగతి అడిగినారు" అన్నాడు. "ఏంది, నిన్ను కూడానా?" అంటూ వెనకనుంచి కరీముల్లా లేచాడు. ఆపైన ఇంకొకరు, ఇంకొకరు. మెట్టపొలాల పిల్లలం, ఆ రోజుల్లో శెనక్కాయలు లేని జేబు ఎవరిది? సభంతా గొల్లున నవ్వింది.

నేనూ నవ్వాను గానీ, లోపల కలుక్కుమంది. సభ ముగిశాక నూర్జహాన్ గారిని, "మేమెవరమో ఆమెకు నిజంగా తెలియదా?" అని అడిగాను.

"ఒక్క పేరూ తెలీదు నాయనా. నువ్వు పోయినాక, 'ఎవురు ఆపా, వచ్చి పోయింది?' అని అక్కను నేనే అడిగినాను. 'పేరు తెలీదే. నా పిల్లోడు' అనింది."

అటువంటి గురుమూర్తి మాకు మళ్ళీ లభించరు. ఆ వాత్సల్యానికి శిరసు వంచి నమస్కరిస్తున్నాను. సభకు నేను జేబునిండా శెనక్కాయలు పోసుకునే వెళ్ళాను. అడిగేవారే లేరు.