రాయి మీద మోకాలిలోతు అడవి

చెట్టును నిలబెట్టేదంతా మట్టేనా? పీజీలో నేలల పాఠం చదివిన రోజుల నుంచి ఈ ప్రశ్న నా వెంటే ఉంది. చల్లటి సముద్రతీరాల్లో, రాతి వాలుల మీద, ఇసుకా బంకమన్నూ ఏమీ లేకుండా ఒట్టి ఆకులూ నాచూ చివికిన కొమ్మలూ పేరుకుంటాయనీ, వాటి మీదే మహావృక్షాలు నిలబడతాయనీ పుస్తకంలో రెండే రెండు వాక్యాలుండేవి. హైటెక్ సిటీలో మా ఆఫీసు పని ఉపగ్రహ చిత్రాలు చూసి విదేశాల నేలల పటాలు గీయడం. ఈసారి కెనడా పడమటి తీరంలోని ఒక దీవి మా వాటాకు వచ్చింది. అందులో ఒక కొండవాలుకు నేను మట్టి అని బ్రౌన్ రంగు వేశాను. తప్పులు సరిచూసే స్వరూప దాన్ని రాయి అని గ్రే చేసింది. నేను మళ్లీ బ్రౌన్ చేశాను, తను మళ్లీ గ్రే. అక్కడి అటవీ అధికారులు చెట్లు ఎక్కడ కొట్టించాలో తేల్చుకునేది ఈ పటం చూసే కాబట్టి తొందరపెడుతున్నారు. చివరికి మా మేనేజరు విసిగిపోయి, ఇద్దరూ వెళ్లి కళ్లతో చూసి రండి అన్నాడు. నలభై దాటిన మనిషిని, కుర్చీలోంచి ఎగిరినంత పని చేశాను.

ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. ఆర్టీసీ బస్సుల్లేవు. రోడ్ల మీద జనం కూర్చోకముందే ఊరు దాటాలని తెల్లవారుజామునే మదీనాగూడలో క్యాబ్ ఎక్కాను. మామూలుగా ఏడెనిమిది వందలయ్యే శంషాబాద్ కిరాయి ఆరోజు రెట్టింపు. హఫీజ్‌పేట్‌లో స్వరూపను ఎక్కించుకున్నాక డ్రైవర్ యాదగిరి, మీది ఏ ఊరు మేడమ్ అని నన్నడిగాడు. మదీనాగూడ అన్నాను. గది గాదు, అసలు ఊరు, అన్నాడు. కడప అనేలోపే స్వరూప అందుకుంది.

"అన్నా, నువ్వు రోడ్డు జూడు. ఆమె మదీనాగూడకొచ్చినప్పుడు ఆడ ఒక్క షాపు గూడ లేకుండె."

అతను నవ్వి, ఇంతకీ ఎక్కడికి పోతున్నారన్నాడు. రాయి మీద మట్టి ఉందో లేదో చూడనీకి అంది స్వరూప.

"గంత దూరమెందుకు మేడమ్? మాదాపూర్ల జూస్తె సరిపోతుండె. ఆడ మట్టీ లేదు, రాయీ లేదు, అన్నీ పేల్చిన్రు."

రెండు విమానాలు మారి వాంకూవర్ చేరాం. అక్కడి నుంచి ఆ దీవికి ఫెర్రీలో గంటన్నర ప్రయాణం. కారు లేకుండా ఎక్కితే మనిషికి పదిహేను డాలర్ల లోపే. లోపల కూర్చోకండి, చలేసినా డెక్ మీదే నిలబడండి. పొగమంచులోంచి ఒక్కో దీవీ నల్లగా బయటికొస్తుంటే నేను చిన్నపిల్లలా స్వరూప చెయ్యి లాగుతూనే ఉన్నాను. మర్నాడు పొద్దున డయాన్ అనే అటవీ అధికారిణి తన ట్రక్కులో మమ్మల్ని ముప్పావుగంట దూరంలోని ఆ వాలుకు తీసుకెళ్లింది. సన్నటి వాన. ఇద్దరం చేతులు చాచి పట్టుకున్నా చుట్టుకు అందని దేవదారులు. అడుగు వేస్తే కింద పరుపు దిగబడినట్టు దిగి, మళ్లీ లేస్తోంది. డయాన్ పారతో ఒక అంచు కోసి చూపించింది. నేను మోకాళ్ల మీద కూర్చుని మోచేతి దాకా చెయ్యి దూర్చాను. చల్లగా, మెత్తగా, పుట్టగొడుగుల వాసన. వేళ్ల మధ్య నలిపితే ఒక్క ఇసుక రేణువు కూడా తగల్లేదు. ఇన్నేళ్లూ తెర మీద రంగుగా చూసినది గోళ్లలో ఇరుక్కుంది.

స్వరూప నాచు అంచును గొంగడి లేపినట్టు మెల్లగా లేపింది. కింద కడిగినట్టు తడి గ్రానైట్. వేర్లు లోపలికి దిగలేదు, రాతిని వాటేసుకుని పక్కలకు పాకాయి.

"గిది మా హఫీజ్‌పేట్ గుండురాయే మేడమ్, అచ్చం. రాయి అరిగితె మట్టయితది. గిది రాయిల నుంచి రాలే. పైనుంచి పడ్డది."

"పైనుంచి పడితేనేం, చెట్టు నిలబడింది కదా?"

అన్నాక తట్టింది, ఆ మాట చెట్టుకే కాదు, కడప నుంచి వచ్చిన నాకూ వర్తిస్తుందని. సమ్మె మొదలైనప్పటి నుంచి ఆఫీసులో ఇలాంటి మాటలకు దూరంగా తిరుగుతున్నాం. తను రోడ్ల మీద వంటా వార్పుకు వెళ్లొచ్చిన రోజు కూడా మధ్యాహ్నం కూరల గురించే మాట్లాడుకున్నాం. ఇక్కడ మాత్రం వానలో తడుస్తూ, తను ఆ నాచును అరచేత్తో నిమురుతూ చాలాసేపు చూసింది.

"నిలవడ్డది. మట్టంటె ఒప్పుకోను మేడమ్. నేల అనుర్రి, ఒప్పుకుంట."

మట్టి వేరు, నేల వేరు! ఇన్నేళ్లూ నా ప్రశ్నలోనే మాట తప్పు. ఆ ఆనందంలో, అయితే బ్రౌనే కదా అని డయాన్ వైపు తిరిగాను. ఆమె తొందరపడకుండా చెప్పింది. బ్రౌన్ అయితే ఇక్కడ చెట్లు కొట్టడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. గ్రే అయితే రంపాలు రావు. చెట్లు పోతే ఈ పరుపు ఎండి, కొన్ని చలికాలాల్లో జారిపోయి ఒట్టి రాయి మిగులుతుంది. ఏ రంగో చెప్పాల్సింది మీరే అంది.

సాయంత్రం ఊళ్లోని చిన్న హోటల్లో చేపల సూపు తాగుతూ మళ్లీ వాదించుకున్నాం, కాకపోతే తలకిందులుగా. గ్రే వేద్దామన్నది నేను. స్వరూప చెంచా కింద పెట్టేసింది.

"చూడకముందు గ్రే అన్న, అది వేరే. చెయ్యి పెట్టి చూసినంక ఆడ ఏం లేదని ఎట్ల రాస్త? మీరు పెద్దోళ్లు, మీ ఇష్టం. నా పేరు మాత్రం పెట్టకుర్రి."

ఆ రాత్రే గ్రే రంగుతో, నా ఒక్కదాని పేరుతో పటం పంపేశాను. తిరుగు విమానంలో స్వరూప నాతో మామూలుగానే ఉంది, నా దుప్పటి కూడా సర్దింది. వెళ్లాలనుకునేవాళ్లకు రెండు సలహాలు: అక్టోబరు వానల్లో వెళ్తే మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు తప్పనిసరి, కింద ఏముందో చూడాలని నాచు ఎత్తితే, మళ్లీ ఉన్నట్టే కప్పి రండి. పుస్తకంలో రెండు వాక్యాలుగా ఉన్నదాన్ని చేత్తో తాకడం కోసం అంత దూరం మళ్లీ రేపే వెళ్లమన్నా వెళ్తాను. ఆ వాలు మీద చెట్లు ఇప్పుడు క్షేమం. కానీ అంత బతికున్న నేలను లేదని రాసి కాపాడటం కాపాడటమేనా? విమానంలో స్వరూప పక్క సీట్లోనే ఉంది, ఈ మాట నేను అడగలేదు. నాకింకా తేలలేదు.