కత్తెరకు కట్టిన ముడి

టైలరమ్మకు ఎవరి మీదా నమ్మకం లేదు. కొలతలిచ్చే మనిషి పొట్ట లోపలికి పీల్చుకుంటుందని టేపు ఒకటికి రెండుసార్లు చుట్టేది. దుకాణంలో మిషన్లు రెండున్నా కత్తెర ఒకటే, అది ఆమెది. చెల్లెలు ఏళ్ల తరబడి పక్క మిషన్ మీద కుడుతున్నా, గుడ్డ కత్తిరించే బల్ల దగ్గరికి రానిచ్చేది కాదు.

అలాంటి మనిషికి కుడి బొటనవేలి మొదట్లో కీలు అరిగిపోయింది. మొదట సీసా మూత రాలేదు, తర్వాత తాళంచెవి తిరగలేదు, చివరికి కత్తెర తెరుచుకోలేదు. పట్టీలు, సూదిమందులు కొన్నాళ్లే పనిచేశాయి.

"అరిగిన చోట చిన్న ఎముక ఒకటి తీసేస్తాం. ఆ ఖాళీలో మీ ముంజేతిలోంచే తాడులాంటి స్నాయువు ముక్క తీసి, చుట్టి పెడతాం" అన్నాడు డాక్టరు.

"తీసిన ఎముకేం చేస్తారు?"

"పారేస్తామమ్మా."

"మిగిలిన గుడ్డముక్కలు పారేశామని మేమూ చెబుతుంటాం."

డాక్టరు నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"చేయించుకో అక్కా, ఎన్నాళ్లని ఓర్చుకుంటావు" అని చెల్లెలు పోరడం మొదలుపెట్టేసరికి అనుమానం ముదిరింది. తన చేతికి కట్టు కట్టించి, బల్ల కాజేద్దామని చూస్తోందనుకుంది. కానీ నొప్పి ఆగనివ్వలేదు. ఆసుపత్రికి వెళ్లేముందు కత్తెర పిడులు రెండూ కలిపి ఎర్రదారంతో బిగించి, తనకే తెలిసిన ముడి వేసి, మేకుకు తగిలించింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. వారాల తరబడి కట్టు, ఆపైన వేలు మెల్లగా వంచే వ్యాయామాలు. కొత్త గుడ్డలేమైనా వచ్చాయా అని అడిగితే, "వచ్చాయి, పోయాయి" అనేది చెల్లెలు. ఆ పొడిమాట టైలరమ్మకు నిద్ర పట్టనివ్వలేదు.

దుకాణానికి రాగానే నేరుగా మేకు దగ్గరికి వెళ్లింది. ముడి వేసింది వేసినట్టే ఉంది. బల్ల మీద దుమ్ము పేరుకుంది. చెల్లెలి ముందు అతుకులు వేయాల్సిన పాత ప్యాంట్లు తప్ప ఏమీ లేవు.

"కొత్తవేవీ లేవేం?"

"కత్తిరించేవాళ్లేరీ? అందరూ పక్కవీధికి పోయారు."

"కత్తెర ఉందిగా."

"ముడేసి వెళ్లావుగా అక్కా. ముట్టుకోవద్దనేగా. కొత్తది కొంటే వేరే దుకాణం పెట్టాననేదానివి."

టైలరమ్మకు తల కొట్టేసినట్టయింది. కత్తెర దించి ముడి విప్పబోయింది. వేలు నొప్పెట్టలేదు గానీ, సన్నటి దారాన్ని పట్టి లాగే బలం ఇంకా రాలేదు. బలం రావడానికి నెలలు పడుతుందని డాక్టరు చెప్పినా ఆమె నమ్మితేగా. కాసేపు గింజుకుని, కత్తెరను చెల్లెలి వైపు తోసింది.

"నువ్వే విప్పు."

చెల్లెలు పంటితో దారం కొరికింది. టైలరమ్మ అరలోంచి తనకోసం దాచుకున్న కోటు గుడ్డ తీసి బల్ల మీద పరిచి, కొలతలు తీసుకోమని నిలబడింది.

చెల్లెలు టేపు ఒకసారి చుట్టింది. ఆగి, మళ్లీ చుట్టింది.

"పొట్ట వదులు అక్కా" అంది.