బెంచీ కాగితం

మొన్న మనవరాలిని తీసుకురావడానికి ఖరగ్‌పూర్‌లోని మా పాత తెలుగు బడికి వెళ్ళాను. గంట కొట్టగానే పిల్లలంతా ఒక్కసారి లేచారు. బెంచీలు గచ్చు మీద కీచుమన్నాయి. ఎవరైనా చెవులు మూసుకునే చప్పుడే అది. నాకు మాత్రం ఒళ్ళు పులకరించింది. అది పైడితల్లి టీచరుగారు గెలిచిన చప్పుడు మరి.

అరవైల్లో నేను అక్కడ కొత్త పంతులమ్మగా చేరేనాటికి పిల్లలు చాపల మీదే కూర్చునేవారు. టీచరుగారు నాకు పైవారు. రైల్వే వర్క్‌షాపులో పనిచేసే భర్త పోయాక వచ్చిన ప్రావిడెంట్ ఫండు మొత్తాన్నీ ఆవిడ, అప్పుడే కొత్తగా వెలసిన ఒక ఇనుప గొట్టాల కంపెనీకి అప్పుగా ఇచ్చేశారు. ఆ అప్పుపత్రం పేరు డిబెంచరు. మేముండే ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో ఎవరికీ నోరు తిరక్క అది ‘బెంచీ కాగితం’ అయి కూర్చుంది. వడ్డీ పోస్టాఫీసు కంటే బాగా ఎక్కువ.

“అంత వడ్డీ ఊరికినే ఇత్తారేటండీ?” అన్నాను.

“ఊరికినే ఎందుకిత్తాడే? పోస్టాఫీసోడిచ్చినంతా మన డబ్బుకి. ఆ పైది మన బయానికి కూలి. బయపడ్డానికి ఓపికుంటేనే తీసుకోవాల.”

భయపడే రోజులు రానే వచ్చాయి. కంపెనీలో సమ్మె మొదలై వడ్డీ ఆగిపోయింది. కాగితాన్ని సగం ధరకు కొంటానని ఒక దళారి ఇంటి చుట్టూ తిరిగాడు. “బెంచీ కాలిరిగిపోనాదంట గదా టీచరమ్మా!” అని వీధి కుళాయి దగ్గర నవ్వులు. ఆవిడకు నిద్ర లేదని కళ్ళే చెప్పేవి. ఒక ఆదివారం నన్ను వెంటబెట్టుకుని, లోకల్ రైలెక్కి ఏకంగా ఫ్యాక్టరీకే వెళ్ళారు. గేటుకు తాళం. పొగగొట్టంలోంచి మాత్రం సన్నగా పొగ.

“దాదా, పని బంద్ కదా, పొగేటి?” అని కాపలావాడిని అడిగారు. కొలిమి చల్లారితే లోపలి ఇటుకలు పగిలిపోతాయని, అందుకే సమ్మెలో ఉన్నవాళ్ళే వంతులేసుకుని బొగ్గు వేస్తున్నారని అతను హిందీలో చెప్పాడు.

టీచరుగారి మొహం వెలిగిపోయింది. “సూసినావేటే? పొయ్యి ఆరనీనేదు. మూసీసీవోళ్ళు బొగ్గు తగలేత్తారేటి? నాను ఈ కాయితం అమ్మను గాక అమ్మను!”

సమ్మె ముగిసింది. ఆగిన వడ్డీ వచ్చింది, గడువుకి అసలు కూడా పైసలతో సహా చేతికందింది. అప్పటికి ఫ్యాక్టరీకి రెండో షెడ్డు లేచింది. కుళాయి దగ్గర నవ్వినవాళ్ళ కొడుకులే అందులో ఫిట్టర్లయ్యారు.

అసలు దాచుకుని, భయానికి వచ్చిన కూలితో టీచరుగారు పక్కనున్న తాల్‌బగీచా పేట వడ్రంగి చేత బడికి బెంచీలు చేయించారు. వాటిని తోపుడు బళ్ళకెత్తించి, కావాలనే ఆ కుళాయి ముందు నుంచే తీసుకొచ్చారు.

“ఇయిగో నా బెంచీ కాయితాలు! కాళ్ళు సరిగ్గున్నాయో నేదో సూసుకోండి!”

వీధంతా పగలబడి నవ్వింది. నాకు గర్వంతో ఏడుపొచ్చింది.

ఇప్పటికీ ఎవరైనా ఊరించే వడ్డీ చెబితే, పొయ్యి వెలుగుతోందా అనే అడుగుతాను. మొన్న పిల్లలు వెళ్ళాక ఆ బెంచీ ఒకదాని మీద కూర్చుని, అటూ ఇటూ గట్టిగా ఊగి చూశాను. కాలు కదల్లేదు.