అన్న విమానంలో వెనక సీటు

మనవడు ప్లాస్టిక్ విమానం ముక్కలు అతికిస్తాంటే ఆ జిగురు వాసన ముక్కుకు కొట్టింది. "యాడన్నా దూరంగా పెట్టుకోపో" అని కసిరినా. మా ఈడోళ్లకు గుర్తుండాదా, జొన్నదంటు బెండుతో బండ్లు, ఎద్దులు చేసుకుంటాంటిమి?

యాభైల్లో మా అన్న మిలిట్రీలో విమానాలు నడిపేటోడు. సెలవుకు కర్నూలొచ్చినప్పుడు ఇట్లాంటి విమానం ముక్కల పెట్టే తెచ్చినాడు. అది ఒక్క సీటు యుద్ధవిమానం. "మరి నేను యాడ కూర్చోవాల?" అని ఏడిస్తే, కత్తి కాల్చి దాని వీపు కోసి, బెండుతో రెండో సీటు పెట్టినాడు. ముందర అన్న బొమ్మ, వెనక నా బొమ్మ, రెండూ బెండువే.

"ఇప్పుడిది నేర్పించే విమానం అమ్మీ. దీంట్లో నేర్పేటోళ్లు వెనక కూర్చుంటారు. నేను తప్పు చేస్తే వెనకుండే నువ్వే కాపాడాల" అన్నాడు. సరేనంటి.

రెండు నెలలకు అన్న విమానం కూలిపోయిందని తంతి వచ్చింది.

పెద్దదినం నాడు అన్నకిష్టమైనవి తుంగభద్రలో వదిలేదానికి నాయన ఆ బొమ్మ విమానం కూడా తీసినాడు. అమ్మ చూసి, వెనక సీట్లోని నా బొమ్మను పెరికేసింది. "బతికుండే బిడ్డను సచ్చినోనితో పంపుతావా?" అని నాయన మీద అరిచింది.

అన్న ముందర సీట్లో ఒక్కడే నీళ్లలో పోయినాడు. కాపాడతానని మాటిచ్చినదాన్ని, అమ్మ కొంగు పట్టుకోని గట్టు మీద నిలబడి చూస్తాంటి.