నాయనమ్మ తోమిన కూజా

మొన్న మా ఇంట్లో పనిచేసే యాదమ్మ అలమరలోని నాయనమ్మ ఇత్తడి చెంబు తీసి, తోమడానికి చింతపండు నానబెట్టింది. ఆ పుల్లటి వాసనకు దిల్‌సుఖ్‌నగర్ లాడ్జి గుర్తొచ్చింది.

తెలంగాణ ఉద్యమం రోజులవి. నాయనమ్మ కళ్ళ పరీక్షకని నల్గొండ పక్క ఊరి నుంచి నాన్న ఆమెనూ, చిన్నపిల్లనైన నన్నూ పట్నం తీసుకొచ్చాడు. తిరిగి వెళ్దామంటే బంద్. ఎల్‌బీ నగర్‌లో ఒక్క బస్సూ కదల్లేదు. నిజాం కాలం నాటి బంగ్లాలో నడిపే లాడ్జిలో దిగాం. గదిలో పందిరిమంచం, మరకలు పడ్డ నిలువుటద్దం, నల్లబడ్డ ఇత్తడి కూజా ఉన్నాయి.

ఊరికే కూర్చోవడం నాయనమ్మకు చేతకాదు. వంటగదిలో చింతపండు అడిగి తెచ్చి, మధ్యాహ్నానికల్లా కూజాను తళతళలాడించింది. మెచ్చుకుంటాడని లాడ్జి యజమానిని నేనే పరుగున వెళ్ళి పిలుచుకొచ్చాను.

ఆయన కూజాను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎంత పని చేసినవమ్మా! మా తాత పోయినప్పటి సంది గట్లనే ఉంచినం. గా నలుపు మల్ల రమ్మంటె ఒస్తదా?"

"అప్పటి సంది తోమలేదా బిడ్డా? ఇంట్ల ఆడోళ్ళు లేరా?" అంది నాయనమ్మ, నిజంగానే జాలిపడుతూ.

ఆయన తలొంచుకుని వెళ్ళిపోయాడు. సిగ్గుపడ్డాడనుకున్నాను. ఊళ్ళో అందరికీ గొప్పగా చెప్పాను కూడా.

యాదమ్మ చేతిలోంచి చెంబు తీసుకున్నాను. నాయనమ్మ చివరిసారి తోమిన మెరుపు మీదే దానికి నలుపు పట్టింది.

"వద్దులే, ఉండనీ."

"గింత నల్లగ పెట్టుకుంటె ఒచ్చినోళ్ళు ఏమనుకుంటరమ్మా?" అంది యాదమ్మ.

నేనూ తలొంచుకుని లోపలికి వెళ్ళిపోయాను.