సరోజ మళ్ళీ చదివిన ఏడాది

ఈ బరువు మోసీ మోసీ అలిసిపోయాను. పశ్చాత్తాపంతో కుమిలిపోతున్నానంటే గొప్పగా ఉంటుందేమో గాని, నిజం అది కాదు. అలిసిపోయాను, అంతే. మీరెవరో నాకు తెలియదు. తెలియదు గనకే చెబుతున్నాను.

నెల్లూరు నుంచి సింగపూర్‌కు చదువుకోడానికి వచ్చినప్పుడు క్లాసు మొత్తంలో తెలుగు మాట్లాడే మనిషి నాకు ఒక్కతే దొరికింది. సరోజ. మలేషియాలో పుట్టిన తెలుగు పిల్ల. తల్లీ తండ్రీ లేరు. ఇక్కడే బిషాన్‌లో చిన్న ఫ్లాట్‌లో అమ్మమ్మే పెంచింది. ఇక్కడి పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి యూనివర్సిటీలో చేరింది. పాలిటెక్నిక్‌ను ఇక్కడ పాలీ అంటారు. అలాంటివాళ్ళకు ఒక వెసులుబాటు ఉంది. అక్కడ చదివిన సబ్జెక్టులను ఇక్కడ క్రెడిట్లుగా లెక్కగడితే మొదటి ఏడాది మళ్ళీ చదవక్కర్లేదు, నేరుగా రెండో ఏడాదిలో కూర్చోవచ్చు.

సరోజకు ఆ ఏడాది కలిసిరావాలి. అమ్మమ్మకు గ్లాకోమా, చూపు తగ్గిపోతోంది. పట్టా గౌనులో మనవరాలిని చూడాలని ఆవిడ కోరిక. ఇదంతా సరోజ మొదటి వారంలోనే చెప్పింది. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

దరఖాస్తు పెట్టాక ఆఫీసు నుంచి రమ్మని కబురొచ్చింది. సరోజకు సెరంగూన్‌లో ఒక బట్టల కొట్టులో మధ్యాహ్నం పని, సెలవు దొరకలేదు. నన్ను వెళ్ళి కనుక్కోమంది. వెళ్ళాను. కౌంటర్‌లో ఆవిడ మర్యాదగానే చెప్పింది. అన్నీ సరిపోయాయి, ఒక్క సబ్జెక్టు సిలబస్ కాగితం తక్కువైంది, అది శుక్రవారంలోగా తెచ్చిస్తే మొదటి ఏడాది మొత్తం మినహాయిస్తామని.

క్లెమెంటిలో నా అద్దె గదికి బస్సులో తిరిగొస్తూ ఏం ఆలోచించాను? సరోజ పై క్లాసుకు వెళ్ళిపోతుందని. నాకు లెక్కలు అర్థం కాకపోతే విసుక్కోకుండా చెప్పేది ఆమే. క్యాంటీన్‌లో బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి నాకూ చోటు ఆపేది ఆమే. ఎవరైనా ఇంగ్లీషులో పలకరిస్తే బిగుసుకుపోయే నాకు ఆ కొత్తలో ఆమె పక్కన తప్ప ఊపిరాడేది కాదు. ఇది కారణమే గాని సమాధానం కాదు. ఒంటరితనం అందరికీ ఉంటుంది. అందరూ అబద్ధాలాడతారా?

సాయంత్రం రైలు స్టేషన్ దగ్గర కలిసింది.

"ఏటన్నారే?" అంది.

"ఒప్పుకోలా మే. పాలీ సబ్జెక్టులు ఇక్కడ చెల్లవంట."

చేతిలో సంచీ భుజానికి తగిలించుకుంది. తర్వాత, "సర్లే. పాలీ సదివినోళ్ళంటే అంతే లా," అంది, ఇక్కడి అలవాటుగా చివర లా తగిలించి. "నీకు శ్రమిచ్చాను. దా, మకాన్ చేద్దాం, ఏదన్నా తిందాం."

నాకు అన్నం కూడా తనే కొనిపెట్టింది.

మారు ప్రశ్న వేయలేదు. ఎందుకు వేయలేదో నాకు తెలుసు. పాలీ వాళ్ళు ఒక మెట్టు తక్కువని చిన్నప్పటి నుంచి అందరూ ఆమెకు చెప్పే ఉంచారు. నా అబద్ధానికి సగం పని లోకమే చేసిపెట్టింది, మిగతా సగం నేను చేశాను. ఇప్పుడైనా చెప్పేద్దామని శుక్రవారం దాకా రోజూ అనుకున్నాను. శనివారం నుంచి అనుకోవడం మానేశాను. కాగితం అందక దరఖాస్తు మూతపడింది. ఆఫీసు వాళ్ళు పంపిన జవాబులో మినహాయింపు లేదన్న మాట తప్ప మరేమీ లేదు.

తనకు వచ్చిన పాఠాలే ఆ ఏడాదంతా నా పక్కన కూర్చుని మళ్ళీ చదివింది. నాకు చెప్పింది. నేను మంచి మార్కులతో పాసయ్యాను.

ఇద్దరం ఒకేరోజు పట్టాలు తీసుకున్నాం. అంతకు ముందు ఏడాది దాకా అమ్మమ్మకు మనుషుల రూపు ఆనేది. ఆరోజుకు అదీ పోయింది. హాలు బయట ఆవిడ సరోజ గౌను తడిమింది, తర్వాత నాది తడిమింది. "ఇద్దరిదీ ఒకటే గుడ్డమ్మా," అని నవ్వింది. నా మనవరాలికి తోడున్నావు, సల్లగా ఉండమని నా తల మీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి పక్కకు తీసెయ్యలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను, కానీ ఫొటోలో నవ్వుతూనే ఉన్నాను.

అమ్మమ్మ పోయి చాలా ఏళ్ళైంది. సరోజ ఇప్పటికీ నా ప్రాణస్నేహితురాలు. ఆ ఏడాది వృథా అయిందని ఎవరైనా అంటే ఒప్పుకోదు. "అది లేకపోతే ఇది నాకు దొరికేదా?" అని నన్ను చూపిస్తుంది. నేను టీ పెట్టే మిషతో లేచి వెళ్తాను.

ఇన్నేళ్ళు దాచినదాన్ని ఇప్పుడెందుకు కక్కుతున్నానంటారా? మా అమ్మాయి ఈమధ్యే ఇక్కడే పాలిటెక్నిక్ ముగించింది. క్రెడిట్లకు అప్లై చేశావా అంటే, "నో నీడ్ లా. సరోజ ఆంటీ ఫస్ట్ ఇయర్ ఫుల్లుగా చదవమంది, బెస్ట్ ఫ్రెండ్ దొరుకుతుందట," అంది. నేనాడిన అబద్ధం సరోజ నోట మంచిమాటై మా ఇంటికే వచ్చింది. అప్లై చెయ్యమన్నాను. నువ్వే వెళ్ళు, ఎవర్నీ పంపకు అన్నాను. ఎందుకమ్మా అని అడిగింది. ఆఖరు తేదీ ఎప్పుడో చూడమన్నాను.

సరోజకు చెబితే ఆ ఏడాదిలో ఆమెకు మిగిలిన ఆ ఒక్క సంతోషమూ పోతుంది. ఇదీ నా సాకేనేమో. నా మీద నాకు నమ్మకం లేదు. ఆఫీసులో ఆవిడ ఆమెకు చెప్పమన్న మాట మాత్రం ఇక మొయ్యలేను, ఇక్కడ దించేస్తున్నాను.

ఒప్పుకున్నారు, సరోజా. అన్నీ ఒప్పుకున్నారు. శుక్రవారంలోగా ఒక్క కాగితం తెమ్మన్నారు, అంతే.